ఆ యకూజా సినిమాలో పిస్టళ్లు అసలువేనా? నాలుగడుగుల దూరంలో గురి ఎందుకు తప్పుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1973లో వచ్చిన 'బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ' చూశారు. అందులో యకూజాలు, అంటే జపాన్ ముఠా రౌడీలు, చేతికందే దూరం నుంచి కాలుస్తూ కూడా గురి తప్పుతున్నారు, చేతులు వణుకుతున్నాయి, కాల్చినవాడే భయపడిపోతున్నాడు. అవి నిజం తుపాకులా? ఏ రకానివి? ఆ చెత్త గురి కావాలని పెట్టిందా, లేక తీయడం చేతకాకనా? మీరూ అదే బాణీలో ఒక షార్ట్ ఫిల్మ్ తీయాలనుకుంటున్నారు కాబట్టి తెలుసుకోవాలని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. అవి అసలు తుపాకులు కావు. జపాన్‌లో అసలు పిస్టల్‌తో సినిమా తీయడమనే మాటే లేదు. కథ ప్రకారం ఆ మనుషుల చేతుల్లో ఉండాల్సినవి రెండు రకాలు: రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జపాన్ సైన్యం దగ్గర మిగిలిపోయినవి, గెలిచిన అమెరికా వాళ్ల దగ్గర్నుంచి జారిపోయినవి. ఇక గురి తప్పడం కావాలని పెట్టిందే. అంతకుమించి, తుపాకి కాల్పుల విషయంలో ఆ సినిమా చూపించినంత నిజం నేను మరో సినిమాలో చూడలేదు.

ఈ మాట అనడానికి నాకేం అర్హత అంటే, నేను పోలీసు శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు ఆర్మరర్‌గా చేశాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, తుపాకులు తుడవడం, రిపేరు చేయడం, కాల్పులు సాధన చేసే రేంజికి పట్టుకెళ్లి ఇవ్వడం, తిరిగొచ్చాక ఖాళీ ఖోకాలు (పేలిన తూటాల తొడుగులు) లెక్కపెట్టి రిజిస్టర్లో రాయడం నా పని. రిటైరయ్యాక హైదరాబాద్‌లో సినిమా వాళ్లకు డమ్మీ గన్‌ల విషయంలో సలహాలిస్తూ తొమ్మిదేళ్లు గడిచాయి. మా అమ్మాయి టోక్యోలో ఉద్యోగం చేస్తుంది. జపాన్ సినిమాల పిచ్చి నాకు అంటించింది తనే.

ముందు ఆ ఊరి సంగతి. కథ మొదలయ్యేది 1946లో, హిరోషిమా పక్కనున్న కురె పట్నంలో. కురె అంటే మామూలు ఊరు కాదు. యమాతో యుద్ధనౌక కట్టింది అక్కడే. నౌకాదళ కర్మాగారాలు, ఓడల డాక్‌లు, వాటి మీద బతికే వేలమంది. యుద్ధం పోయింది, ఆ పని పోయింది. సైన్యంలోంచి ఇంటికొచ్చిన కుర్రాళ్లకు తిండి లేదు. ఉన్నదల్లా రైలు స్టేషన్ల దగ్గర పుట్టుకొచ్చిన బ్లాక్ మార్కెట్లు. సుగవారా బుంతా వేసిన హిరోనో అనే పాత్ర అలాంటి మార్కెట్లోనే తేలుతుంది. కత్తి పట్టుకుని వీరంగం వేస్తున్న ఒకణ్ణి ఆపడానికి హిరోనో చేతికి పిస్టల్ వస్తుంది. అతను కాలుస్తాడు, జైలుకి పోతాడు. ఇదంతా కల్పన కాదు. మినో కోజో అనే నిజం యకూజా జైల్లో కూర్చుని రాసుకున్న జ్ఞాపకాల మీద కట్టిన కథ. కసహారా కజువో స్క్రీన్‌ప్లే రాశాడు, ఫుకాసకు కింజి తీశాడు. పాత్ర చచ్చిపోగానే బొమ్మ ఆగిపోయి పేరు, చనిపోయిన తేదీ తెర మీద పడడం గమనించారు కదా. పేపర్లో క్రైం వార్త చదివినట్టు ఉంటుంది.

సైన్యం మిగిల్చిన తుపాకుల్లో ముఖ్యమైనది టైప్ 14 నంబు పిస్టల్. 1925 నాటిది, 8 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 8 రౌండ్లు. సన్నటి గొట్టం, వెనక గుండ్రటి బొడిపె, చూడగానే గుర్తుపట్టొచ్చు. దానికంటే పాతది టైప్ 26 రివాల్వర్, 1893 నాటిది. దీని గురించి ఒక ఆర్మరర్‌గా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. దానికి హ్యామర్‌ని, అంటే తూటాని కొట్టే సుత్తిని, వెనక్కి లాగే కొస ఉండదు. ప్రతి రౌండుకీ ట్రిగ్గర్ పూర్తిగా, బలంగా లాగాల్సిందే. పైగా ట్రిగ్గర్ లాగనప్పుడు సిలిండర్‌ని, అంటే తూటాలుండే చక్రాన్ని, పట్టి ఉంచే ఏర్పాటు దానికి లేదు. ఒరలోనో జేబులోనో రాసుకుంటే సిలిండర్ తిరిగిపోతుంది. రెండు రౌండ్లు కాల్చి, మళ్లీ జేబులో పెట్టి, పరిగెత్తి, మళ్లీ తీశారనుకోండి. కాల్చేసిన ఖాళీ ఖోకా తిరిగి హ్యామర్ కిందికి వచ్చి కూర్చోవచ్చు. ట్రిగ్గర్ లాగితే 'టిక్' మంటుంది, అంతే. ఎదుటివాడు మాత్రం ఇంకా బతికే ఉంటాడు. ఇంకొకటి టైప్ 94. దాని ఎడమ పక్కన ఉండే ఒక కడ్డీ బయటికే కనబడుతుంది. సేఫ్టీ తీసి ఉండగా దాని మీద వేలు పడితే ట్రిగ్గర్ ముట్టకుండానే పేలుతుంది. అది చేతికిచ్చి "వెళ్లి ఫలానావాణ్ణి చంపిరా" అంటే, నాకైతే వాడి ప్రాణం మీదే ముందు బెంగ.

అమెరికా వాళ్లది కోల్ట్ పాయింట్ 45. బరువు 1.1 కిలోలు. దాని గుండు ఒక్కటే దాదాపు 15 గ్రాములు. నంబు గుండు 7 గ్రాముల లోపే. ఈ తేడా సినిమాలో మాటల్లో చెప్పరు గానీ, ఆ కాలపు కుర్రాడికి కోల్ట్ దొరకడం అంటే డొక్కు సైకిల్ తొక్కేవాడికి లారీ దొరికినట్టు. నడపడం మాత్రం రాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, చేతులు వణకడం.

ఆ సైనికులకు నేర్పింది రైఫిల్. పొడుగాటి అరిసాకా రైఫిల్‌ని భుజానికి ఆనించి కాల్చడం వాళ్లకు వచ్చు. పిస్టల్ ఆఫీసర్ల నడుముకుండేది. కాబట్టి పిస్టల్ పట్టిన వీధి రౌడీ నిజంగా దాన్ని ఎప్పుడూ సాధన చేసి ఉండడు. చేద్దామన్నా చప్పుడుకి ఊరంతా లేస్తుంది. ఉన్న రౌండ్లు పదో పదిహేనో. వాటిని చెట్టు మీద ఖర్చు పెట్టేవాడెవడు?

మా రేంజిలో ఏటా చూసేవాణ్ణి. కొత్తగా ట్రైనింగ్‌కి వచ్చిన కుర్రాళ్లకు పాతిక గజాల్లో మనిషంత బోర్డు పెట్టి పాయింట్ 38 రివాల్వర్ ఇస్తాం. పగలు, ఎండ, ఎదురుకాల్పులు లేవు, పక్కన ఉస్తాద్ (శిక్షణ ఇచ్చేవాడు) నిలబడి చెవిలో చెబుతూనే ఉంటాడు. అయినా మొదటి ఆరు రౌండ్లలో బోర్డు ముట్టనివాళ్లు చాలామంది. గుండు బోర్డు ముందు నేలలో పడి ఎర్రమట్టి లేస్తుంది. మేం దాన్ని ట్రిగ్గర్ స్నాచ్ అంటాం. చప్పుడు రాబోతోందని చెయ్యికి ముందే తెలిసి, వేలు నొక్కే బదులు పిడికిలి మొత్తం బిగుసుకుంటుంది. గొట్టం కిందికి దిగిపోతుంది. ఫుకాసకు పాత్రలకు జరిగేది సరిగ్గా ఇదే. మీరు మళ్లీ చూసేటప్పుడు పిస్టల్ వైపు కాదు, కాల్చేవాడి భుజం వైపు చూడండి. చప్పుడుకి ముందే భుజం ముడుచుకుంటుంది.

ఇంకో సంగతి. ఒక ఎస్సై గారు, పేరు చెప్పను, రాత్రిపూట ఒక గదిలోకి వెళ్లినప్పుడు ఎదురుగా ఆరడుగుల్లో ఉన్నవాడి మీద రెండు రౌండ్లు కాల్చారు. రెండూ తలుపు చట్రంలో దిగాయి. మర్నాడు ఆ రివాల్వర్ నాకు అప్పజెప్పేటప్పుడు, "సైట్ ఏమైనా వంగిందేమో చూడు బాబాయ్" అన్నారు. చూశాను. సైట్ దివ్యంగా ఉంది. "కొంచెం వంగింది సార్, సరిచేశాను" అన్నాను. ఆయన కళ్లలోకి చూసి మరో మాట అనలేకపోయాను.

అందుకే ఆ సినిమాలో హత్యలన్నీ ఒంటికి ఆనించి, గుద్దుకుంటూ, కిందపడి దొర్లుతూ జరుగుతాయి. యకూజా భాషలో 'తెప్పోదామా' అని ఒక మాట ఉంది. అక్షరాలా తుపాకి గుండు అని అర్థం. ఫలానావాణ్ణి వేసి రమ్మని పంపే కుర్రాణ్ణి అలా పిలుస్తారు. వెళ్లిన గుండు తిరిగి రాదు కదా. వాడు తిరిగి రానవసరం లేదు కాబట్టి దూరం నుంచి కాల్చే నైపుణ్యం కూడా వాడికి అక్కర్లేదు. దగ్గరికి వెళ్లి ఉన్నవన్నీ ఖాళీ చేస్తే చాలు.

ఆ భాషలో తుపాకి పేర్లు కూడా సరదాగా ఉంటాయి. పిస్టల్‌ని 'చాకా' అంటారు, 'హజికి' అంటారు. రివాల్వర్‌ని 'రెన్‌కొన్' అంటారు, అంటే తామర దుంప. దుంపని అడ్డంగా కోస్తే కనబడే గుండ్రటి చిల్లులు చూసినవాళ్లకి రివాల్వర్ సిలిండర్ ఎందుకు గుర్తొచ్చిందో చెప్పక్కర్లేదు. గుండ్లని 'మమే' అంటారు, చిక్కుడు గింజలన్నమాట. వంటింట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

ఇక అసలు కానప్పుడు మరి అవేమిటి? అవి మోడల్ గన్‌లు. ఇది మన దగ్గర లేని వ్యవహారం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

జపాన్ తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం 1958లో వచ్చింది. మన ఆయుధాల చట్టం 1959లోది. ఏడాది తేడా. కానీ మన దగ్గర లైసెన్సు మీద సామాన్యుడు రివాల్వర్ ఉంచుకోవచ్చు. అక్కడ సామాన్యుడికి పిస్టల్ అన్న మాటే లేదు. వేటకి, పోటీలకి షాట్‌గన్, రైఫిల్ ఇస్తారు, అదీ పరీక్షలన్నీ దాటాక. ఆ లోటులోంచి అరవైల్లో ఒక పరిశ్రమ పుట్టుకొచ్చింది. బయటి ఆకారం, లోపలి కదలికలు అన్నీ అసలుదానిలాగే ఉంటాయి, గుండు మాత్రం వెళ్లదు. ఎంజీసీ, హడ్సన్ లాంటి కంపెనీలు ఇవి చేశాయి. కాలక్రమేణా వాటిని దొంగలు బెదిరింపులకి వాడడం మొదలుపెట్టారు. దాంతో 1971లో రూలు బిగించారు. లోహంతో చేసిన మోడల్ పిస్టల్ అయితే గొట్టం మూసేసి ఉండాలి, రంగు తెలుపో పసుపో అయి ఉండాలి. 1977లో మరింత బిగించారు. నల్లగా కావాలంటే ప్లాస్టిక్ రెసిన్‌లోకి మారాల్సి వచ్చింది. తర్వాత ఆ రెసిన్‌లోనే లోహపు పొడి కలిపి బరువు తెప్పించడం నేర్చుకున్నారు. మీరు చూసిన సినిమా 1973 జనవరిలో విడుదలైంది. అంటే మొదటి బిగింపు తర్వాత రెండేళ్లలోపే.

కొన్నేళ్ల క్రితం అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు టోక్యోలో యుఎనో స్టేషన్ పక్కన అమేయొకో అనే సందుల బజారుకి తీసుకెళ్లింది. ఎండుచేపలు, బూట్లు, మిఠాయిలు, మన సుల్తాన్‌బజార్ రద్దీ. అది కూడా యుద్ధం అయిన వెంటనే బ్లాక్ మార్కెట్‌గా మొదలైందే. సినిమాలో కురె మార్కెట్ చూశారే, దాని అన్నదమ్ముడు. అక్కడ ఒక చిన్న షాపులో గాజు పెట్టెలో బంగారు రంగు కోల్ట్ కనబడింది. పెళ్లిళ్లలో పెట్టుకునే రోల్డ్ గోల్డ్ నగ రంగు. షాపు పెద్దాయన తీసి చేతికిచ్చాడు. నేను అలవాటు కొద్దీ గొట్టం నేలవైపు తిప్పి, మ్యాగజైన్ దింపి, స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగి, చాంబర్లో చిటికెన వేలు పెట్టి చూసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇదే పని చేసిన చేతులు కదా. పెద్దాయన ఒక్క క్షణం నన్ను చూసి, మా అమ్మాయితో ఏదో అని నడుం వంచి నమస్కారం పెట్టాడు. "మీ నాన్న పోలీసా, సైనికుడా అని అడుగుతున్నాడు" అంది. జింకు మిశ్రమ లోహం అది, ఉక్కు కాదు. వేలితో తడితే శబ్దంలో తేడా తెలుస్తుంది, ఇత్తడి చెంబుకీ జర్మన్ సిల్వర్ చెంబుకీ ఉన్నంత తేడా. గొట్టంలోకి చూస్తే అరంగుళంలోనే గోడ.

ఆ గోడే సినిమా వాళ్లకి తలనొప్పి. గొట్టం మూసేస్తే ముందునుంచి మంట ఎలా వస్తుంది? బ్లాంకు రౌండు, అంటే గుండు లేకుండా మందు మాత్రమే ఉన్నది, పేల్చే దారి లేదు. అందుకని గొట్టం కొసన కొద్దిగా మందు కూరి, కరెంటు తీగతో అంటించే పద్ధతి పెట్టుకున్నారు. బ్యాటరీ ఎక్కడో దాచి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే మందు అంటుకుని మంట, పొగ వస్తాయి. పాత జపాన్ సినిమాల్లో మంట వస్తుంది గానీ స్లైడ్ కదలదు, ఖాళీ ఖోకా బయటికి ఎగరదు, దానికి కారణం ఇదే. నలభై రూపాయల దీపావళి పిస్టల్‌లా ఉందని నవ్వుకునేవాళ్లని చూశాను. నాకు నవ్వు రాదు. ఫుకాసకు ఆ లోపాన్ని ఎలా కప్పాడో చూడండి. కెమెరా చేతిలో పట్టుకుని ఊపేశాడు, ఫ్రేము వంచేశాడు, జనాన్ని అడ్డం తోశాడు. స్లైడ్ కదిలిందో లేదో చూసే తీరిక మీకు ఉండదు. లేనిదాన్ని దాచడానికి చేసిన పని ఆ సినిమాకే ఒక రూపం ఇచ్చింది. పూర్తిగా అందుకే అలా తీశాడని అనను. యుద్ధానంతరపు గందరగోళం ఆయనకు స్వయంగా తెలుసు. కానీ తుపాకీల వైపు నుంచి చూస్తే ఆ ఊపు బాగా కలిసొచ్చింది.

దానికి ముందు అరవైల్లో నిక్కత్సు కంపెనీ తీసిన యాక్షన్ సినిమాల సంగతి వేరు. అక్కడ తుపాకి స్టైలు. సుజుకి సైజున్ 1967లో తీసిన 'బ్రాండెడ్ టు కిల్'లో హంతకుడి చేతిలో పాత మౌజర్ పిస్టల్ ఉంటుంది, ముందు పెట్టె, వెనక చీపురు కర్రలాంటి పిడి. ఒకణ్ణి నీళ్ల గొట్టంలోంచి కాల్చి చంపుతాడు. స్కోప్ మీద సీతాకోకచిలుక వాలి గురి తప్పుతుంది. ఇంజినీరింగ్ ప్రకారం ఏదీ నిలవదు, చూడ్డానికి మాత్రం భలే ఉంటుంది. అర్థంకాని సినిమాలు తీస్తున్నాడని కంపెనీ ఆ దర్శకుణ్ణి తీసేసింది. మీ షార్ట్ ఫిల్మ్‌కి ఈ దారి వద్దంటాను, ఎందుకంటే మీరు అడిగింది వణికే చేతుల గురించి.

పోలీసు తుపాకి గురించి కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. యుద్ధం తర్వాత జపాన్ పోలీసులకి అమెరికా వాళ్లే పిస్టళ్లు, రివాల్వర్లు ఇచ్చారు. సొంతది వచ్చింది 1960లో, న్యూ నంబు ఎం 60 అనే పాయింట్ 38 రివాల్వర్. ఐదే రౌండ్లు. తాడు కట్టి నడుముకి తగిలించి ఉంటుంది, పోగొట్టుకోకుండా. మన దగ్గరా లాన్యార్డ్ ఉంటుంది గానీ, అక్కడ దాన్ని తీసుకున్నంత సీరియస్‌గా ఎవరూ తీసుకోరు.

తుపాకి పోవడం అంటే ఏమిటో దర్శకుడు కురొసావా 1949లోనే ఒక సినిమా మొత్తం తీసి చూపించాడు. 'స్ట్రే డాగ్'. రద్దీ బస్సులో కుర్ర డిటెక్టివ్ దగ్గరున్న కోల్ట్ పిస్టల్ ఎవరో కొట్టేస్తారు. లోపల ఏడు గుండ్లు. అక్కణ్ణుంచి కథంతా లెక్క. ఒక్కో గుండు పేలినప్పుడల్లా ఆ డిటెక్టివ్ కుంగిపోతాడు, తన గుండే కదా. నాకు నచ్చిన దృశ్యం ఏమిటంటే, తను ప్రాక్టీసులో కాల్చిన చెట్టు మొద్దు దగ్గరికి వెళ్లి, అందులో దిగిన గుండుని తవ్వి తీసుకొచ్చి, బాధితురాలి ఒంట్లో దొరికిన గుండుతో పోల్పిస్తాడు. ఆ దృశ్యం చూసి మా స్టోరు గుర్తొచ్చింది. ఒకసారి రేంజి అయ్యాక ఒక్క ఖోకా తగ్గింది. ఒక్కటి. సాయంత్రం ఆరు దాటేదాకా నలుగురం గడ్డిలో మోకాళ్ల మీద పాకాం. చివరికి ఒక కుర్రాడి బూటు మడతలో దొరికింది. వాడు ఏడ్చేశాడు. మన సినిమాల్లో హీరో ఆరు రౌండ్ల రివాల్వర్‌తో పదకొండుసార్లు కాలుస్తాడు. నేను సెట్లో ఉండి చెప్పాను కూడా. "ఎవరు లెక్కపెడతారండీ" అన్నారు. నేను లెక్కపెడతాను. నాలాంటి వాళ్లు థియేటర్‌కి పదిమందైనా ఉంటారు.

ఎనభైలు, తొంభైల్లో యకూజా చేతికి కొత్త తుపాకి వచ్చింది. టొకరెవ్. రష్యా వాళ్ల డిజైనుని చైనా టైప్ 54 పేరుతో చేసింది. అది దొంగదారిన జపాన్‌లోకి కుప్పలుగా వచ్చింది. పిడి మీద నక్షత్రం ఉంటుంది కాబట్టి 'కురొబొషి', నల్ల చుక్క అన్నారు. బరువు 850 గ్రాములు, 7.62 మిల్లీమీటర్ల సన్న గుండు, చాలా వేగం. చేతితో వేసే సేఫ్టీ లేదు. హ్యామర్‌ని సగంలో ఆపడమే దానికి సేఫ్టీ. పోలీసు కళ్లతో చూస్తే భయంకరమైన సామాను, ఎందుకంటే పట్టుకున్నవాడికే తెలియదు అది ఎప్పుడు పేలుతుందో. తొంభైల నాటి కథ తీస్తే విలన్ చేతిలో ఇది ఉండాలి. 1946 కథలో ఇది కనబడితే తప్పు. చాలామంది ఇంటర్నెట్‌లో 'యకూజా గన్' అని వెతికి టొకరెవ్ బొమ్మ చూసి అన్ని కాలాలకీ అదే పెట్టేస్తారు. 1992లో యకూజా ముఠాల మీద చట్టం వచ్చింది. 1995లో బహిరంగంగా తుపాకి పేల్చడమే విడిగా నేరమైంది, యావజ్జీవం దాకా వేయొచ్చు. అప్పట్నుంచి తుపాకి తీయడానికే వెనకాడే పరిస్థితి.

కితానో తకేషి సినిమాల గురించి కామెంట్లో ఎవరో అడిగారు. ఒక తమాషా చెబుతాను. 1989లో ఆయన మొదటి సినిమా 'వయొలెంట్ కాప్' నిజానికి ఫుకాసకు తీయాల్సింది. ఆయన తప్పుకుంటే నటుడిగా ఉన్న కితానో దర్శకుడయ్యాడు. ఇద్దరి తుపాకులు ఉత్తర దక్షిణాలు. ఫుకాసకు మనుషులు కాలుస్తూ కేకలు పెడతారు, కింద పడతారు. కితానో 'సొనటీన్'లో లిఫ్టు లోపల కాల్పులు జరుగుతాయి. ఎవడూ వంగడు, దాక్కోడు, ముఖంలో కండ కదలదు, స్తంభాల్లా నిలబడి కాల్చుకుంటారు. రేంజిలో ఉస్తాద్‌గా అడిగితే అది తప్పు. కానీ చావు గురించి పట్టింపు పోయినవాళ్లని చూపించాలంటే అదొక దారి. మీకు ఈ రెండిట్లో ఏది కావాలో ముందు తేల్చుకోండి. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

ఫుకాసకు చివరిదాకా తుపాకి గురించి ఒకే మాట చెబుతూ పోయాడని నా అభిప్రాయం. పదిహేనేళ్ల వయసులో ఆయన ఆయుధాల కర్మాగారంలో పనిచేసేవాడు. 1945లో ఓడల మీంచి గుండ్లు కురిశాయి. చచ్చిపోయిన తోటి పిల్లల శవాలు ఏరింది కూడా ఆ పిల్లలే. 2000లో, డెబ్బై ఏళ్లకి, 'బ్యాటిల్ రాయల్' తీశాడు. నలభై రెండు మంది స్కూలు పిల్లలకి తలో సంచి ఇస్తారు. ఒకడికి షాట్‌గన్, ఒకడికి గిన్నె మూత, ఒకమ్మాయికి కొడవలి, ఇంకొకరికి బైనాక్యులర్స్. ఎవరికి ఏది దక్కుతుందో లాటరీ. 1946 కురె కుర్రాడికి నంబు దొరకడమూ, కోల్ట్ దొరకడమూ అంతే, లాటరీ.

మీ షార్ట్ ఫిల్మ్ సంగతికొస్తే, మొదటి మాట: రోడ్డు మీద డమ్మీ తీయకండి, ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌కి రాసిచ్చి ముద్ర వేయించుకోండి. నాకు తెలిసిన ఒక టీం కాలనీ సందులో చెప్పకుండా రిహార్సల్ మొదలుపెడితే పైఅంతస్తు నుంచి ఎవరో 100కి కొట్టారు. కుర్రాళ్లు సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నారు. డమ్మీని స్వాధీనం చేసుకున్నారు, షూటింగ్ పోయింది.

బ్లాంకులూ, మందూ జోలికి అసలు వెళ్లకండి. మంట సీజీలో పెట్టించుకోండి, చవక. దగ్గరనుంచి పేలితే బ్లాంకు కూడా మనిషిని చంపుతుంది. దీని మీద నాతో వాదించకండి.

నటుడికి స్టైలు నేర్పకండి. ఒక చేత్తో పట్టుకోవాలా, రెండు చేతులతోనా అని అడుగుతాడు. "నీకెప్పుడూ ఎవరూ నేర్పలేదు" అని చెప్పి వదిలేయండి. వాడు ఎలా పడితే అలా పట్టుకుంటాడు చూడండి, అదే మీక్కావలసింది. కాల్చే ముందు పది మెట్లు పరిగెత్తించి తీసుకురండి, ఊపిరి దానంతటదే అందకుండా ఉంటుంది.

రౌండ్లు లెక్కపెట్టండి. కథలో ఎన్ని ఉన్నాయో మొదటే చెప్పేయండి. హిరోనో చివర్లో ఏం చేశాడో గుర్తుందా? మిత్రుడు సకాయ్‌ని బొమ్మల షాపులో, పిల్లకి బొమ్మ కొంటుంటే చంపేశారు. అంత్యక్రియల సభలో అందరూ నల్ల సూట్లేసుకుని కూర్చున్నారు. హిరోనో పిస్టల్ తీసి పూలని, ఫొటో ముందు పేర్చిన సామానంతా కాల్చేస్తాడు, ఏ ఒక్క మనిషినీ కాల్చడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి తన పాత యజమానితో, "యమమోరి గారూ, గుండ్లు ఇంకా మిగిలే ఉన్నాయి" అంటాడు. ఆ సినిమా మొత్తంలో ఆ చేయి వణకని కాల్పులు అవే.

చివరిగా ఒక చిన్న పనిముట్టు సంగతి. మార్కెట్లో దొరికే ఫైబర్ డమ్మీ రెండొందల గ్రాములు కూడా తూగదు. నటుడు దాన్ని అగరుబత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటాడు, కెమెరాకి ఇట్టే దొరికిపోతుంది. పిడి లోపల సీసం ముక్కలు కూరి, కిలోకి తక్కువ కాకుండా తూకం వేయించండి. ఆ డమ్మీని షూటింగ్‌కి రెండు రోజుల ముందే నటుడికిచ్చి లుంగీ ముడిలోనో ప్యాంటు జేబులోనో పెట్టుకుని తిరగమనండి. జేబు ఒక పక్కకి లాగడం, మెట్లు దిగేటప్పుడు చెయ్యి దానంతటదే అక్కడికి పోవడం అప్పుడు మొదలవుతాయి. ఎన్ని గ్రాములకి తేల్చారో, ఏ జేబు బాగా కుదిరిందో తీసిన తర్వాత ఇక్కడే రాయండి.